రెండు ఎనిమిదులు

ముక్కల గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ సందేహంతో వచ్చినా ముందు చాప మీద కూర్చోబెట్టి ఒక ఆట వేసేవారు. ఆ ఆట పేరు ఇరవై ఒకటి. వయసులో ఉండగా ఆయన ఓడల మీద వంటవాడిగా తిరిగారు. ఆట అక్కడే నేర్చుకున్నారు. ఓడ దిగాక, గోదావరి సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఎగువన ఒక లంకలో తాటాకు పాక వేసుకుని ఉండిపోయారు. పందెం చింతపిక్కలు. గెలిచినా ఓడినా పిక్కలన్నీ మళ్ళీ ఒకే డబ్బాలోకి పోయేవి. "పోగొట్టుకునేటప్పుడు మనిషి ముఖం చూస్తే చాలు, వాడు ఏం అడగడానికి వచ్చాడో తెలిసిపోతుంది" అనేవారు ఆయన. పేకముక్కలు పట్టినవాడు గురువు ఎలా అవుతాడని కొందరు పెద్దలు ఇప్పటికీ అడుగుతారు. వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ రోజుల్లో వెళ్ళి చూడవలసింది. ఇప్పుడు వెళదామన్నా ఆ లంక లేదు, గోదావరి కోసుకుపోయింది.

ఆట తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. చేతికి రెండు ముక్కలు వస్తాయి. వాటి మొత్తం ఇరవై ఒకటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. దాటితే పోయినట్టే. చాలదనుకుంటే ఇంకో ముక్క అడగవచ్చు, చాలనుకుంటే ఊరుకోవచ్చు. పంచేవాడి ముక్కల్లో ఒక్కటే పైకి కనబడుతుంది, రెండోది బోర్లా పడి ఉంటుంది. ఒకే అంకెవి రెండు వస్తే దాన్ని జత అంటారు. జతను విడదీసి రెండు వేరువేరు ఆటలుగా ఆడుకోవచ్చు. కాని విడదీసినవాడు ఊరికే విడదీయడానికి లేదు. మొదటిదాని ముందు ఎన్ని పిక్కలు పెట్టాడో, రెండోదాని ముందు కూడా అన్నే పెట్టాలి.

శిష్యుల్లో భూషణం అని ఒకడు ఉండేవాడు. అతనూ అతని అన్న సోమయ్యా ఆ లంక రేవులో పంటు నడిపేవారు. పంటు అంటే వేరే ఏమీ కాదు, రెండు పడవలు పక్కపక్కన చేర్చి, మీద బల్లలు పరిచి, తాళ్ళతో బిగించి కట్టింది. మనుషులు, పశువులు, ఎడ్లబళ్ళు, అప్పుడప్పుడు ట్రాక్టర్లు దాని మీద ఏరు దాటేవి. దారి తిప్పే పెద్ద తెడ్డు అన్న పడవకు ఉండేది. తమ్ముడి పడవలో ఏటి అడుగున ఆనించి నెట్టే గెడ ఒక్కటే ఉండేది. తండ్రి పోయిన నాటి నుంచి అంతే. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టినా భూషణం ఒక్కరోజు కూడా తెడ్డు పట్టి ఎరగడు. అతనికి విడిపోవాలని ఉండేది. తన పడవ తాను తీసుకుని, ఎగువన ఏదో చిన్న రేవు చూసుకుని, తన ఇష్టం వచ్చిన దారిన దాటాలని ఉండేది. ఆ మాట అన్నతో అనడానికి ఎన్నోసార్లు నోరు తెరిచాడు. తెరిచినప్పుడల్లా సోమయ్య ముందే "గెడ వెయ్యి" అనేవాడు. భూషణం నోరు మూసుకుని గెడ వేసేవాడు.

వాళ్ళింట ఒక ఆచారం ఉంది. వరదలు తగ్గి పడవలు నీళ్ళలో దించిన రోజున రెండింటినీ కలిపి కట్టి, ముడికి పసుపు రాసి, అది ఎప్పటికీ జారకుండా మీద తారు పోస్తారు. మళ్ళీ వరదలకు పడవలు గట్టెక్కించినప్పుడే ఆ ముడి కోస్తారు. నీళ్ళ మీద ఉండగా ముడి విప్పడం వాళ్ళ ఇంట లేదు. తండ్రి చెప్పాడు. ఎందుకు చెప్పాడో సోమయ్య అడగలేదు. తండ్రిని ఎందుకని అడగడం కూడా వాళ్ళ ఇంట లేదు. సోమయ్యకు పేకముక్కలంటే అసహ్యం. తమ్ముడు గురువుగారి పాక నుంచి వస్తే, ఇసకతో చేతులు తోముకుంటే తప్ప పంటు ఎక్కనిచ్చేవాడు కాదు.

ఒకనాటి సాయంకాలం ఆటలో భూషణానికి రెండు పదులు వచ్చాయి. మొత్తం ఇరవై, ఊరుకుంటే గెలుపే. భూషణం ఊరుకోలేదు. ఆశపడి విడదీశాడు, రెండు చోట్లా చెత్త ముక్కలు పడి రెండూ పోగొట్టుకున్నాడు. తరువాత రెండు ఎనిమిదులు వచ్చాయి. మొత్తం పదహారు. ఉంచుకుంటే చాలదు, ఇంకోటి అడిగితే దాటిపోయేలా ఉంటుంది. ఆ ఆటలో అంతకంటే దిక్కుమాలిన చెయ్యి లేదు. భూషణం వాటిని విడదీయకుండా పట్టుకుని కూర్చున్నాడు. అవీ పోయాయి.

"పదులెందుకు విడదీశావు?" అన్నారు గురువుగారు.

"అంత మంచివి కదండీ. ఏ చేత్తో ఆ చెయ్యి గెలిచేస్తుందనుకున్నానండి."

"మరి ఎనిమిదులు?"

"భయమేసిందండి." భూషణం తల గోక్కున్నాడు. "ఇంతకీ జత ఎప్పుడు విడదీయాలండి గురువుగారూ?" అని అడిగాడు. అడిగినప్పుడు అతని చూపు ముక్కల మీద లేదు. రేవులో సోమయ్య వంగి పంటులోని నీళ్ళు తోడుతున్నాడు, అటు ఉంది.

గురువుగారు కూడా అటు చూశారు. ముక్కలు పోగుచేసి రొంటిన దోపుకున్నారు. "రేపు పొద్దున్న నన్ను అవతలి గట్టుకు దాటించండి" అన్నారు.

పొద్దున్నకు మంచు కమ్మేసింది. ఏరు ఎక్కడ మొదలవుతుందో, ఆకాశం ఎక్కడ దిగుతుందో తెలియలేదు. రేవు మెట్లు నాలుగు కనబడి, ఐదోది ఉందో లేదో అన్నట్టు ఉంది. బాతులు పెంచే మంగాయమ్మ రెండు గంపల బాతులతో అప్పటికే ఎక్కి, సోమయ్య వైపు కూర్చుంది. గురువుగారు వచ్చి భూషణం వైపు కూర్చున్నారు.

"ఒరే, చేతులు తోమావా?" అన్నాడు సోమయ్య మంచులోంచి.

"తోమానన్నయ్యా."

"ఇసకేసి?"

"ఇసకేసే."

"అరచేతుల్లో గీతలు కూడా పోయుంటాయి పాపం" అంది మంగాయమ్మ. "రేపెవరికైనా చెయ్యి చూపించుకుందామంటే, జాతకం లేనివాడివి నువ్వెవడివిరా అంటారు."

గురువుగారు నవ్వారు. సోమయ్య నవ్వలేదు. "గెడ వెయ్యి" అన్నాడు.

పంటు కదిలింది. కదిలిందని నీళ్ళ చప్పుడును బట్టి తెలియడమే కాని కంటికి తెలియలేదు. గెడ తెల్లదనంలోకి దిగి, తడిసి, తెల్లదనంలోంచి పైకి వచ్చేది. బాతులు మెడలు ముడుచుకుని నిద్రపోయాయి. ఎవరి మాట వారికే దూరంగా వినిపించి, అందరూ మాట్లాడడం మానేశారు. ఎక్కడో ఒక గంట మోగింది. అది ఆవు మెడలోదో, గుడిలోదో, ముందు గట్టుదో, వదిలివచ్చిన గట్టుదో చెప్పలేని గంట. పంటు ఒక్కచోటే నిలబడి ఉండగా గట్టే తమను వెతుక్కుంటూ వస్తున్నదేమో అనిపించింది భూషణానికి. అలా ఎంతసేపు వెళ్ళారో. సముద్రం ఏటి నీళ్ళను వెనక్కి లాక్కునే వేళ అది.

అప్పుడు పంటు ఆగింది. తగిలిన చప్పుడు కూడా లేదు. మేసి వచ్చిన గేదె పడుకున్నట్టు మెత్తగా ఒరిగి ఆగింది. నిన్న లేని చోట ఇసక మేట వేసింది. సోమయ్య పడవ మేట మీద కూర్చుంది. భూషణం పడవ మేట అంచు దాటి లోతులో ఉంది. అన్నదమ్ములిద్దరూ దిగి తోశారు, ఎక్కి గెడ పెట్టి నెట్టారు. కదలలేదు. నీళ్ళు తగ్గుతున్న కొద్దీ మేట మీది పడవ ఎత్తున నిలిచిపోయింది, లోతులో పడవ కిందికి దిగసాగింది. మధ్య బల్లలు ఏటవాలు అయ్యాయి. ఒక బాతుల గంప జారి భూషణం పక్కకు వచ్చింది. దాని వెనకే ఏటి నీళ్ళు పడవ అంచు దాటి పలచగా లోపలికి వచ్చాయి.

"అయ్యగారూ, ఇటొచ్చెయ్యండి" అంది మంగాయమ్మ.

"ఎక్కిన చోటు బాగానే ఉందమ్మా" అన్నారు గురువుగారు. అడుగున దొర్లుతున్న డొక్కు డబ్బా తీసుకుని నీళ్ళు తోడడం మొదలుపెట్టారు.

"ఆ పడవ పోతే పోయింది, మీరన్నా ఇటు రండి!"

"అది ఒక్కటీ పోదు మంగమ్మా" అన్నాడు సోమయ్య. "నిండిందంటే దీన్ని కూడా లాక్కుని తిరగేస్తుంది. కట్టు అలాంటిది."

గురువుగారు నీళ్ళు తోడుతూనే భూషణాన్ని అడిగారు. "ఇలాగే ఉండగలమా?"

"లేమండి."

"ఇంకో నాలుగు బిందెల నీళ్ళు పడితే?"

"పోతామండి."

"అయితే మన చేతిలో ఏమున్నాయి నాయనా?"

సోమయ్యకు ఒళ్ళు మండింది. "ప్రాణాల మీదికొచ్చి మేమేడుస్తుంటే ఇక్కడ కూడా ముక్కలేనా పెద్దాయనా!" అని అరిచాడు.

ఆ అరుపు మంచులో ఎక్కడా తగలకుండా పోయింది. భూషణం మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఎన్నో ఏళ్ళుగా అనలేకపోయిన మాటను అన్నాడు. అది ఈ విధంగా వస్తుందని అతను అనుకోలేదు. "అన్నయ్యా, ముడి కోసెయ్యి."

సోమయ్య నడుమునున్న కత్తి తీశాడు. ముడి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తారు పట్టి, నీరు పట్టి, ముడి నల్లరాయిలా ఉంది. అడుగున ఒక మూల మాత్రం పసుపు ఇంకా కనబడుతోంది. కత్తి దాని మీద ఆనించి ఊరుకుండిపోయాడు. "నీళ్ళ మీద విప్పకూడదన్నాడు నాన్న" అన్నాడు, ఎవరితోనో.

"మీ నాన్న ఈ నీళ్ళలో లేడురా, మేమున్నాం!" అంది మంగాయమ్మ.

"ఒక్క నాన్న మాట కాదు." సోమయ్య తల ఎత్తి తమ్ముణ్ణి చూశాడు. "కోసిన మరుక్షణం నీ పడవ లాగుడులో పడుతుంది. అక్కడ గెడ అందదు. నీకు తెడ్డేదిరా?"

భూషణం తన పడవ వెనక భాగం వైపు తిరిగి చూశాడు. అక్కడ ఏమీ లేదు. విడిపోవాలని ఇన్నేళ్ళు కలలు కన్నాడు. ఒక్క కలలోనూ తెడ్డు సంగతి రాలేదు. కలలో పడవ దానంతట అదే వెళ్ళేది. "నాకు తెడ్డు పట్టడం రాదన్నయ్యా" అన్నాడు.

సోమయ్య లేచి తన పడవ వెనక్కి వెళ్ళాడు. తండ్రి చేతులకూ తన చేతులకూ అరిగి నున్నబడిన ఆ పెద్ద తెడ్డును కట్టు విప్పి, ఏటవాలు బల్లల మీదుగా జాగ్రత్తగా జార్చాడు. "పట్టు."

"మరి నీకు?"

"నేను ఇసక మీద ఉన్నాను, నాకెందుకు?"

నీళ్ళు తిరిగి వస్తే ఇసక మీది పడవ కూడా తేలుతుందనీ, తేలిన పడవకు తెడ్డు లేకపోతే ఏమవుతుందో కూడా అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. సోమయ్య జారిన గంపనూ, బల్లలనూ తన వైపుకు లాక్కున్నాడు. ముడి కోశాడు.

లోతులో పడవ ఒక్కసారి కిందికి పడి, పైకి లేచి, అటూ ఇటూ ఊగి సమంగా నిలబడింది. మేట మీది పడవ నిట్టూర్చినట్టు ఇసకలోకి సర్దుకుంది. రెండింటి మధ్య జానెడు నీరు కనబడింది, అది బారెడు అయింది. ఆ పైన మధ్యలో మంచు నిలిచింది.

భూషణం చేతుల్లో తెడ్డు బతికున్న చేపలా కొట్టుకుంది. "నొక్కకురా! పక్కకి తిప్పు!" అని సోమయ్య గొంతు వినిపించింది. "గట్టు నీ ఎడమ చేతి వైపు!" అని వినిపించింది. ఆ తరువాత మాటలు పోయి గొంతు మాత్రం వినిపించింది, చివరికి అదీ పోయింది.

"ఎటు వెళ్ళాలండి గురువుగారూ?" అన్నాడు భూషణం.

"నాకు ముక్కలు తప్ప ఏమీ తెలియదు. తెడ్డు నీ దగ్గరుంది" అన్నారు గురువుగారు డబ్బాతో నీళ్ళు పారబోస్తూ.

భూషణం చెప్పినదాని ప్రకారం, తరువాత కాసేపు అతనికి ఏరు కనబడలేదు కాని చేతులకు తెలిసింది. నీళ్ళు ఎక్కడ లాగుతున్నాయో, ఎక్కడ అలిసి తిరుగుతున్నాయో తెడ్డు కర్ర చెప్పేది. ఎడమకు తిప్పుకుంటూ, తప్పుకుంటూ వెళ్ళాడు. చాలా సేపటికి మంచులో ఒక మేక కనబడింది. గాలిలో నిలబడినట్టున్న మేక. దాని కాళ్ళ కింద మెల్లగా గడ్డి వచ్చింది, గడ్డి కింద గట్టు వచ్చింది.

గురువుగారు దిగారు. భూషణం దిగలేదు. తన పడవ, చేతిలో తెడ్డు, పైన మాట చెప్పేవాడు లేడు. ఎన్నేళ్ళుగానో కోరుకున్నది మొత్తం అతని దగ్గర ఉంది. ఎగువకు పోవాలంటే పోవచ్చు. అతను పడవను గట్టు మీద నుంచి నెట్టుకుని, తిప్పుకుని, వచ్చిన దారినే మంచులోకి వెళ్ళిపోయాడు.

అన్న ఎక్కడున్నాడో బాతులు చెప్పాయి. మేట మీద సోమయ్య గంపల మూతలు తీసి, "వాటిని నిద్రపోనీకు మంగమ్మా, వాడికి మనమెక్కడున్నామో తెలియాలి" అన్నాడట. ఆమె ఒక్కొక్క బాతునూ తోక పట్టి పొడిచి అరిపించిందట. ఆ సంగతి మంగాయమ్మ బతికినన్నాళ్ళూ చెప్పుకుంది. "గోదావరికి లైటుహౌసులెందుకు, నా బాతులుండగా" అనేది. భూషణం ఆ గోల పట్టుకుని మేట దాకా వచ్చి, అంచున గెడ దిగేసి పడవ కట్టాడు. నీళ్ళు తిరిగి వచ్చేదాకా ముగ్గురూ అక్కడే కూర్చున్నారు. అన్న ఇసక మీద, తమ్ముడు నీళ్ళ మీద. మంగాయమ్మ తన చద్దన్నం మూట విప్పి, రెండు పడవల్లోకీ చెరో ముద్ద అందించింది. ఏటి మధ్యన, ఏ గట్టూ లేని చోట, వాళ్ళు ఆవకాయతో చద్దన్నం తిన్నారు.

మంచు విడిపోయేసరికి రెండు పడవలూ ఒకదాని వెనక ఒకటి గట్టుకు వచ్చాయి. తెడ్డు ఉన్నది ముందు, లేనిది తాడు మీద వెనక. గట్టున కొబ్బరికాయలు నింపిన ట్రాక్టరు లంకకు దాటడానికి కాచుకుని ఉంది. డ్రైవరు ఒక్కొక్క పడవనూ మార్చి మార్చి చూసి, "ఇదేంటండీ, నేను సగం ఇందులో సగం అందులో ఎక్కాలా?" అన్నాడు.

సోమయ్య తాడు చేతిలోకి తీసుకున్నాడు. తమ్ముడి వైపు చూశాడు. ఎన్నడూ లేనిది, అడిగాడు. "కట్టమంటావా?"

భూషణం ట్రాక్టరును చూశాడు. ఎండలో మెరుస్తూ ఎగువకు పోయిన ఏటిని చూశాడు. పొద్దున్నయితే ఏమనేవాడో తెలియదు. తెడ్డుతో రెండు తోపులు తోసి, తన పడవను తెచ్చి అన్న పడవ పక్కన ఆనించాడు. బల్లలు పరిచారు. ట్రాక్టరు ఎక్కింది. రెండు పడవలూ కలిసి ఆ బరువును ఏమీ కానట్టు మోశాయి.

గట్టున కాచుకుని ఉన్న గురువుగారు మళ్ళీ ఎక్కి వెనుకటి చోటే కూర్చున్నారు. భూషణం తెడ్డును తిరిగి అన్న పడవలో పెట్టబోతే, సోమయ్య అడ్డంగా చెయ్యి పెట్టాడు. "గెడ ఇలా ఇయ్యి" అన్నాడు. ఇచ్చాక, గెడ పట్టుకుని తన పడవలో నిలబడ్డాడు. పంటు కదిలింది. భూషణం తెడ్డు తిప్పుతున్నాడు. ఈసారి పంటు ఎక్కే ముందు అతను ఇసకేసి చేతులు తోమనే లేదు, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

నడి ఏట్లో భూషణం గొంతు తగ్గించి, "జత ఎప్పుడు విడదీయాలో మీరు చెప్పనే లేదండి గురువుగారూ" అన్నాడు.

గురువుగారు రెండు పడవల మధ్య కట్టు చూస్తున్నారు. సోమయ్య ఈసారి దాని మీద తారు పోయలేదు. వేసింది కూడా పాత మొండిముడి కాదు, జారుముడి. తాడు కొస ఒకటి తమ్ముడి చేతికి అందేంత దూరంలో వదిలాడు. ఒక్కసారి లాగితే చాలు, ఊడివస్తుంది. ఆ కొస గాలికి మెల్లగా ఊగుతోంది.

"మీ అన్ననడుగు నాయనా" అన్నారు గురువుగారు. "ముక్క ముట్టకుండానే ఆయనకు ఆట వచ్చేసింది."